శనివారం, పది నుంచి నాలుగు

పాతవాళ్ళు వెళ్ళేది పదింటికి,
కొత్తవాళ్ళు వచ్చేది నాలుగింటికి.
ఆ నడిమి ఆరు గంటలూ నావి.

న్యూలిన్ రేవు పైన, మెట్ల సందులో
నీలం తలుపుల ఇల్లు.
పరుపుల మీద దుప్పట్లు ఒలిచి
స్నానాలగది మూలల్లో ఇసుక ఊడ్చి
సబ్బు మీద ఎవరిదో వెంట్రుక గోటితో తీసి
కిటికీలో చెక్క పడవని సముద్రం వైపు తిప్పి
బయటికొచ్చి, తాళంచెవి పెట్టె మీద
అంకెలు చెదరగొడతాను.
ఇంటికి నలభై ఐదు పౌండ్లు.

ఆ ఇంటి అద్దెంతో ఎప్పుడూ అడగలేదు.
వడ్డించేవాడు విస్తరి ఖరీదు అడుగుతాడా?

ఫిబ్రవరిలో ఒక రాత్రి
వాన కిటికీని చెంపలు వాయిస్తుంటే
"ఈసారి ఎక్కడికన్నా పోదాం" అన్నాడు పాస్కో.
పదకొండేళ్ళవాడు, లెక్కల పిచ్చి.
ఐసు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన డెంజిల్
చేతులు వెచ్చబడ్డాక ఫోను తీశాడు.
"ఎక్కడికో ఎందుకు, ఇక్కడే ఏదన్నా చూద్దాం."
ఆగస్టు. ముగ్గురు. వారం.

మొదటి బొమ్మలోనే నీలం తలుపులు.
నేను మడిచిన తువ్వాళ్ళు.
నేను తిప్పిన పడవ.
కింద, పదహారు వందల తొంభై పౌండ్లు.

గళ్ళ కాగితం మీద భాగహారం చేసి
"అమ్మా, నువ్వా ఇల్లు ముప్పై ఏడున్నర సార్లు కడిగితే
మనం అందులో వారం పడుకోవచ్చు" అన్నాడు పాస్కో.
ఆ అర సారి ఏ గది కడగాలో
చాలాసేపు ఆలోచించాను.

తర్వాత స్పెయిన్ చూశాం.
గలీసియాలో మురోస్ అని చిన్న రేవు.
రెండు గదులు, బాల్కనీ, నాలుగు వందల పది యూరోలు.
"మన చేపలు లారీలెక్కి పోయేది అటే,
వాటి వెనకే మనమూ పోదాం" అన్నాడు డెంజిల్.
ఓడ టికెట్లు, పెట్రోలు, టోలు, దారిలో తిండి,
అన్నీ కలిపి తడిసి మోపెడైనా
పదకొండు వందల ఎనభై దాటలేదు.
మా వీధిలో మేం పడుకోవడానికి
ఇంకో దేశంలో పడుకోవడం కన్నా ఐదొందల పది ఎక్కువ.
పొరుగింటి పుల్లకూర రుచంటారు;
రుచి సంగతి తర్వాత, ముందు చవక.

మురోస్‌లో తాళంచెవి ఇచ్చినామె పేరు సబేలా.
చెయ్యి కలపగానే తెలిసిపోయింది.
బ్లీచు తాగిన వేళ్ళు, కణుపుల దగ్గర పగుళ్ళు.
నా చెయ్యి తిప్పి చూసి ఆమే నవ్వింది ముందు.

మూడోనాడు మెట్ల మీద కూర్చుని
మీ ఊళ్ళో ఎంత, అని అడిగింది.
పాస్కో తన బడి స్పానిష్‌లో చెప్పాడు.
వీడికి అంకెలు రావనుకుందేమో
కాగితం మీద రాసిమ్మంది.
రాసిచ్చాక నవ్వలేదు.
తనకు ఇంటికి ముప్పై యూరోలట.
కూతురు అద్దెకున్న గది
జూన్ రాగానే ఖాళీ చెయ్యాలట,
వేసవిలో మాలాంటి వాళ్ళొస్తారు గనక.
మాలాంటి వాళ్ళు, అనే మాటని
పాస్కో రెండుసార్లు అనువదించాడు, మొహమాటంగా.
తర్వాత అడక్కుండానే లెక్క వేశాడు:
"ఈమెకి దాదాపు పద్నాలుగు సార్లు."
చవక అన్నమాట నేను మళ్ళీ అనలేదు.

వెళ్ళే శనివారం ఎనిమిదింటికే లేచాను.
దుప్పట్లు ఒలిచాను, సింకు తోమాను.
"సెలవులో ఉన్నావే" అని గుమ్మంలో గొణిగాడు డెంజిల్,
గొణుగుతూనే చెత్తసంచి కట్టాడు.
కిటికీలో రేకు ఓడ ఉంటే
అలవాటు కొద్దీ నీళ్ళ వైపు తిప్పాను.

పదింటికి బకెట్‌తో వచ్చిన సబేలా
గదులన్నీ తిరిగి చూసింది.
థాంక్స్ అనలేదు, కోపంగానూ లేదు.
బకెట్ బోర్లించి దాని మీదే కూర్చుని
బాల్కనీలోంచి రేవు చూసింది కాసేపు,
కాళ్ళు చాపుకుని, మేమింకా అక్కడ లేనట్టు.
కాఫీ కలిపిచ్చాను. తాగింది.
లేచి, పోతూ పోతూ
ఆ రేకు ఓడని
మళ్ళీ గది వైపుకి తిప్పింది.